బౌలెవార్డ్ అంటే ఏటి? మన విజయనగరం లాంటి ఊళ్ళో కట్టుకోడానికి వీలవుతాదా?

కస్పా కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. ఊరి బయట వెంచర్లో సైటు తీసుకుందామని ఇంట్లో అనుకుంటన్నాం, దానికోసం బ్రోచర్లు తిరగేస్తంటే ఒకదాంట్లో "100 అడుగుల బౌలెవార్డ్" అని పెద్దక్షరాల్లో వేసేరు. బొమ్మలో చూస్తే మాత్రం మామూలు డబుల్ రోడ్డే, మధ్యన డివైడరు, డివైడర్లో చిన్న చిన్న మొక్కలు, లైట్ల స్తంభాలు, అంతే. అక్కడున్న కుర్రాణ్ణి అడిగితే "పెద్ద సిటీల్లో ఉంటాయి కదండీ, అలాగ" అన్నాడు గానీ అంతకుమించి చెప్పలేకపోనాడు.

ఇక్కడ ప్లానింగ్ తెలిసినోళ్ళు ఉంటారని అడుగుతన్నాను. అసలు బౌలెవార్డ్ అంటే ఏటి, డివైడర్ ఉన్న వెడల్పు రోడ్డుకీ దీనికీ తేడా ఏటి? పెద్ద నగరాలు వీటిని ఎందుకు కట్టుకున్నాయి, ఊరికి ఏటొస్తాది వీటివల్ల? ఇంకోటి, అసలు నా మనసులో ఉన్నది ఇదే, మన ఊళ్ళో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా సాయంత్రం పూట మా అమ్మని నడిపించి తీసుకెళ్ళాలంటే ఒక పక్క బళ్ళు ఒక పక్క ఆటోలు, కాలవ పలకల మీద ఎక్కుతూ దిగుతూ పోవాలి, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మధ్యలో ఎక్కడా కూర్చోడానికి చోటుండదు. ఇలాంటి ఊళ్ళో అలాంటి రోడ్డు ఒక్కటైనా రావడానికి దారుందా, లేదా అవి రాజధానులకేనా?


డ్రాయింగ్ టేబుల్:

మంచి ప్రశ్న బ్రదర్. నాది బొబ్బిలి పక్క, ప్రస్తుతం బెంగుళూరులో రోడ్ల డిజైన్ పని చేస్తున్నాను కాబట్టి తెలిసినంత రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఎన్ని అడుగులు అన్నది తర్వాత, ఆ అడుగుల్ని ఎవరెవరికి పంచారో ముందు చూడాలి. పూర్తి స్థాయి బౌలెవార్డ్ లో నడిమధ్యన దూరం పోయే బళ్ళకి లేన్లు ఉంటాయి, వాటికి రెండు పక్కలా వెడల్పాటి చెట్ల పట్టీలు, ఆ చెట్లకి అవతల మళ్ళీ ఒక్కో సన్న లేను, అది నెమ్మదిగా పోయేవాళ్ళకి, ఆటో ఆపుకునేవాళ్ళకి, సైకిలు మీద పోయేవాళ్ళకి, షాపు ముందు బండి పెట్టుకునేవాళ్ళకి. దాని తర్వాత ఫుట్ పాత్, ఆ తర్వాత ఇళ్ళు, షాపులు, వాటి గుమ్మాలు రోడ్డు వైపే ఉండాలి, కాంపౌండ్ గోడలు కాదు. పాలకొండ పోయే బస్సు మధ్యలోంచి వెళ్ళిపోతుంది, వీధిలో పాల ప్యాకెట్లు దింపే బండి పక్క లేన్లో ఆగుతుంది, ఒకరి వల్ల ఒకరికి ఆటంకం లేదు. ఇంకో రకంలో ఇది తిరగబడుతుంది, బార్సిలోనాలో లా రాంబ్లా అని ఉంది చూడండి, అక్కడ నడిచే దారే మధ్యలో వెడల్పుగా, చెట్ల కింద ఉంటుంది, బళ్ళు రెండు అంచుల్లో పోతాయి.

మీ బ్రోచర్ బొమ్మలో ఈ రెండూ లేవు. డివైడర్లో పెట్టిన చెట్టు నీడ తారు మీద పడుతుంది, నడిచే మనిషి మీద పడదు, ఎందుకంటే డివైడర్ పక్కన ఎవరూ నడవరు. మన రాష్ట్రంలో ఊరూరా ఇదే చేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది, అదే మొక్క అదే నీళ్ళ ట్యాంకరు ఖర్చుతో ఫుట్ పాత్ అంచున పెడితే పదేళ్ళకి వీధి వీధంతా నీడ వచ్చేది.

ఇక ఇవి ఎలా వచ్చాయంటే, పాతకాలంలో ఐరోపా ఊళ్ళ చుట్టూ కోటగోడలు ఉండేవి. పారిస్ లో 14వ లూయీ రాజు 1670లో ఇక శత్రువుల భయం లేదని ఆ గోడలు తీయించేశాడు, ఆ ఖాళీ అయిన పట్టీలో వరసగా చెట్లు వేసి వెడల్పాటి దారి చేశారు, సాయంత్రం అయితే జనం షికారుకి అక్కడికే వచ్చేవారు, తర్వాత మెల్లగా నాటకశాలలు, కాఫీ దుకాణాలు అక్కడ చేరాయి. వియన్నాలో ఇదే పని పెద్ద ఎత్తున జరిగింది, 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి గోడలు కూల్చమని ఆర్డరిచ్చాడు, 1865లో రింగ్ రోడ్డుని, వాళ్ళు రింగ్ స్ట్రాసే అంటారు, అధికారికంగా తెరిచారు, 5 కిలోమీటర్లు దాటి ఉంటుంది, దాని వెంటే ఒపెరా, పార్లమెంటు, యూనివర్సిటీ, టౌన్ హాలు కట్టారు. అక్కడ నాకు నచ్చిన విషయం ఏంటంటే గోడ బయట ఖాళీగా ఉన్న భూమిలో కొంత ప్రైవేటు వాళ్ళకి అమ్మి, ఆ డబ్బుతోనే ఈ పబ్లిక్ బిల్డింగులు కట్టుకున్నారు.

పారిస్ లో మళ్ళీ 1853 నుంచి 1870 దాకా హౌస్మన్ అనే అధికారి అప్పటి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అండతో పాత ఊరిని అడ్డంగా కోసి కొత్త బౌలెవార్డ్ లు వేశాడు. పైన కనిపించే చెట్లు, ఫుట్ పాత్ లే అందరూ ఫోటోలు తీస్తారు గానీ ఆ రోడ్ల కింద బెల్గ్రాండ్ అనే ఇంజినీరు వేసిన మురుగు కాలవలు, మంచినీళ్ళ పైపులు ఉన్నాయి చూడండి, అసలు గొప్పతనం అక్కడుంది. రోడ్డు, డ్రైను, నీళ్ళు, చెట్టు, దీపం, అన్నీ ఒకేసారి ఒకే డ్రాయింగులో గీశారు. మనకి రోడ్డు ఒకరు వేస్తారు, ఆర్నెల్లకి పైపులాయన వచ్చి తవ్వుతారు, తర్వాత కేబులాయన.

మీ 100 అడుగుల్లో ఇది పడుతుందా అంటే పడుతుంది. మధ్యలో 4 లేన్లు ఒక్కోటి పదిన్నర చొప్పున 42 అడుగులు, రెండు చెట్ల పట్టీలు 6 చొప్పున 12, రెండు పక్క లేన్లు 11 చొప్పున 22, రెండు ఫుట్ పాత్ లు 8 చొప్పున 16, మిగిలిన 8లో అటు 4 ఇటు 4 డ్రైనుకి, కరెంటు లైన్లకి. ఇరుకే, కానీ సరిపోతుంది.


పెద్దమార్కెట్ అబ్బాయి (సిక్కోలు):

అన్నా మీరు రాసింది బాగున్నాది గానీ మాలాంటోళ్ళకి రోడ్డు వెడల్పు అన్న మాట చెవిని పడితే గుండె దడ. మాది సిక్కోల్లో స్టీలు సామాన్ల కొట్టు, తాత కాలం నాటిది. వెడల్పు చేసినపుడు ముందు గది మొత్తం పోనాది, కొట్టు ముందున్న నిద్రగన్నేరు చెట్టు కొట్టీసారు, ఆ చెట్టు కింద టీ బండి పెట్టుకున్నాయన ఎక్కడికి పోనాడో తెలీదు. తర్వాత ఏటైనాదంటే వెడల్పైన జాగాలో కార్లు నిలబెట్టీడం మొదలెట్టేరు, మిగతాది బళ్ళు స్పీడుగా పోడానికి. ఇదివరకు పల్లెటూర్ల నుంచి పెళ్ళి సామాన్లకి వచ్చినోళ్ళు బిందెలు బయట పరిచి చూసుకుని బేరమాడి గంట కూర్చునేవోళ్ళు, ఇపుడు ఎండలో ఎవుడు నిలబడతాడు, పది నిముషాల్లో వెళ్ళిపోతన్నారు.

పారిస్ లో కూడా పాత ఊరిని కోసీసారని మీరే రాసేరు కదా, మరి అక్కడ కొట్లు పోయినోళ్ళు ఏటైపోనారు? ఊరందం కోసమని బతుకులు తీసీడం నాకు న్యాయంగా అనిపించదు. మీ మీద కోపం లేదు, తెలుసుకోవాలనే అడుగుతన్నాను.


డ్రాయింగ్ టేబుల్:

బ్రదర్ మీరు అడిగింది నూటికి నూరుపాళ్ళు సరైనది. హౌస్మన్ పని వల్ల వేల ఇళ్ళు పోయాయి, అద్దెలు పెరిగి కూలీ నాలీ చేసుకునేవాళ్ళు ఊరి అంచులకి వెళ్ళిపోయారు, దాని మీద ఆ రోజుల్లోనే పెద్ద గొడవలు జరిగాయి, తిరుగుబాట్లు అణచడానికి సైన్యం సులువుగా పోవడానికి కూడా పనికొస్తాయని ఆ రోడ్లు వేశారన్న విమర్శ ఇప్పటికీ ఉంది. అందుకే నేను పాత మార్కెట్ వీధులు కోయాలని ఎప్పుడూ చెప్పను. ఆ వీధులు ఇరుకుగా ఉండడమే వాటికి మంచిది, అక్కడ చెయ్యాల్సింది వేరే, బళ్ళు తగ్గించడం, కాలవలు సరిగ్గా మూయడం, అంతే.

జనానికి నష్టం లేకుండా వచ్చిన బౌలెవార్డ్ లు చూస్తే చాలామట్టుకు అప్పటికే ఖాళీగా ఉన్న భూమిలో వచ్చాయి, కోటగోడలు తీసిన చోట, ఏటి గట్టున, లేకపోతే ఊరు ఇంకా పెరగని చోట ముందుగానే. న్యూయార్క్ లోని బ్రూక్లిన్ లో ఓషన్ పార్క్ వే అని ఉంది, ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు గీశారు, ఊరు అటు పెరగకముందే పార్కు నుంచి సముద్రం దాకా చెట్ల వరసలతో వేసేశారు, 1894లో దాని వెంట సైకిళ్ళకి విడిగా దారి కూడా పెట్టారు. మన దగ్గర అలాంటి అవకాశం కొత్త లేఅవుట్లలోనే ఉంది, అందుకే కస్పా తమ్ముడి ప్రశ్నకి ఇంత పొడుగు జవాబు రాశాను.

ఇంకో మాట, మీ టీ బండి ఆయన గురించి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, సర్వే చెయ్యకుండా లేపేయకూడదు. బౌలెవార్డ్ పక్క లేను, చెట్ల పట్టీ ఉన్న చోట బండికి జాగా డ్రాయింగులోనే గీయొచ్చు, చెట్టుకీ చెట్టుకీ మధ్యన ఒక బండి సులువుగా పడుతుంది. టీ బండి ఉన్న చోట మనుషులు ఉంటారు, మనుషులు ఉన్న వీధిలో రాత్రి తొమ్మిదింటికి ఆడపిల్ల ఒంటరిగా ట్యూషన్ నుంచి రాగలదు.


బైపాస్ భాస్కర్:

ఇదంతా ఎందుకండి, ట్రాఫిక్ సమస్య అంటే ఫ్లైఓవర్ వేస్తే అయిపోతుంది కదా, కింద ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. అభివృద్ధి అంటే అదే.


డ్రాయింగ్ టేబుల్:

భాస్కర్ గారూ, హైవే క్రాసింగుల్లో ఫ్లైఓవర్ కావాలి, కాదనను. ఊరి నడుమ మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో సంగతి ఒకసారి చూడండి. అక్కడ ఊళ్ళోంచి పోయే ఎత్తు ఫ్రీవే, అంటే పిల్లర్ల మీద పోయే హైవే ఒకటి 1989 భూకంపంలో దెబ్బతింది, మళ్ళీ కట్టాలా వద్దా అని ఏళ్ళ తరబడి ఓట్లు, వాదనలు జరిగి చివరికి కొంత భాగం తీసేశారు, ఆ స్థలంలో 2005లో ఆక్టేవియా బౌలెవార్డ్ తెరిచారు, మధ్యలో లేన్లు, రెండు పక్కలా చెట్లు, పక్క లేన్లు, చివర్న ఒక చిన్న పార్కు. ట్రాఫిక్ ఇప్పటికీ ఎక్కువే, కానీ అంతకుముందు ఫ్రీవే నీడలో చీకటిగా ఉన్న చోట షాపులు, ఇళ్ళు వచ్చాయి.


పాండీ నుంచి పలాస:

నేను ఉద్యోగరీత్యా పాండిచ్చేరిలో చాలాకాలం ఉన్నాను, ఇప్పుడు పలాస వచ్చేశాను. విదేశాల దాకా ఎందుకు, పాండిలో పాత ఊరు చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో నాలుగు బౌలెవార్డ్ లు ఉన్నాయి, ఫ్రెంచి వాళ్ళ కాలం నాటివి. లోపల వీధులన్నీ గళ్ళు గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఇప్పుడు పడమటి దాన్ని అన్నా సాలై, ఉత్తరం దాన్ని సర్దార్ పటేల్ సాలై, దక్షిణం దాన్ని సుబ్బయ్య సాలై అంటారు. నిజం చెప్పాలంటే ఆ మూడూ ఇవాళ మామూలు రద్దీ రోడ్లే, అన్నా సాలై మీద దాటాలంటే దేవుడు కనపడతాడు. తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న గుబేర్ అవెన్యూ మాత్రం ఇంకా ప్రాణంతో ఉంది, సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఏడున్నర దాకా బళ్ళు రానివ్వరు, ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది, ముసలివాళ్ళు, పసిపిల్లలు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు, పల్లీలమ్మేవాళ్ళు.

నేను గమనించింది ఏంటంటే రోడ్డు ఆకారం ఒక్కటే ఉంటే చాలదు, ఏ టైములో ఎవరిది ఆ రోడ్డు అని నిర్ణయం చేసి పాటించాలి. ఆ నిర్ణయానికి కోట్లు ఖర్చవ్వదు, రెండు బారికేడ్లు, ఇద్దరు పోలీసులు చాలు. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీదో, శ్రీకాకుళంలో నాగావళి గట్టు వెంటో సాయంత్రం మూడు గంటలపాటు బళ్ళు ఆపి చూడండి, బౌలెవార్డ్ కట్టకముందే దాని రుచి ఊరికి తెలుస్తుంది.


కానుగ నీడ:

నమస్తే. నేను కాలేజీలో బోటనీ చెప్తాను, చెట్ల గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే చెట్టు లేని బౌలెవార్డ్ కి ఉత్త వెడల్పు రోడ్డుకి తేడా లేదు, మనవైపు చెట్టు అంటే ముందు గాలివాన సంగతి మాట్లాడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ చూసిన వాళ్ళం. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగితే ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు జనం. రోడ్ల మీద పడిపోయిన చెట్లని తర్వాత మా పిల్లల్తో కలిసి తిరిగి చూశాను, చాలావాటికి మొదలు దాకా సిమెంటు పోసేసి ఉంది, వేర్లు పక్కకి పాకడానికి మట్టి లేదు, ఒక పక్క డ్రైను తవ్వి వేర్లు నరికేశారు, అలాంటి చెట్టు గాలికి ఎలా నిలబడుతుంది.

తురాయి చెట్లు పూలకి అందమే గానీ కొమ్మ పెళుసు, గాలికి విరిగి వైర్ల మీద పడతాయి, వాటిని ప్రధాన వరసలో వెయ్యకండి. ఏడాకుల చెట్టు తొందరగా పెరుగుతుందని విశాఖలో బాగా వేశారు, పూత కాలంలో ఆ వాసనకి, పుప్పొడికి ఆయాసం ఉన్నవాళ్ళు అల్లాడిపోతున్నారు. కానుగ, వేప, పొగడ, నేరేడు, ఇవి మన నేలకి అలవాటైనవి, కానుగ నీడ అయితే ఏప్రిల్లో కొత్త చిగురుతో చల్లగా ఉంటుంది. ఒకే జాతి వరసంతా వెయ్యకూడదు, పురుగు పట్టిందా మొత్తం పోతుంది.

డ్రాయింగ్ టేబుల్ గారు 6 అడుగుల పట్టీ రాశారు, అది తక్కువలో తక్కువ, అంతకన్నా తగ్గనివ్వకండి. ఆ పట్టీలో మట్టి ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి, విడివిడి గుంటలుగా కాదు. రోడ్డు మీద వాన నీరు ఆ పట్టీలోకే దిగేలా అంచు రాళ్ళకి సందులు వదిలితే డ్రైను మీద బరువు తగ్గుతుంది, చెట్టుకీ నీళ్ళు దక్కుతాయి.


కస్పా కుర్రాడు:

ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ చాలా థాంక్సండి. కానుగ మేడమ్ గారిది, పెద్దమార్కెట్ అన్నది మా నాన్నకి చదివి వినిపించేను.

మా నాన్న ఒక మాట అన్నారు, అది కూడా రాస్తాను. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి గుడి నుంచి కోట దాకా ఉన్న రోడ్డు మీద డివైడరూ వద్దు, అడ్డంగా కొమ్మలొచ్చే చెట్లూ వద్దు అన్నారు. సిరిమానోత్సవం రోజున చింతమానుతో చేసిన అంత పొడుగు సిరిమాను మీద పూజారి గారు కూర్చుని మూడుసార్లు కోట దాకా వెళ్ళొస్తారు కదా, లక్షల జనం నిలబడేది ఆ రోడ్డు మీదే, మధ్యలో ఏ గట్టు కట్టినా ఆ రోజుకి అది ప్రమాదం. మరి అలాంటి చోట ఏటి చెయ్యాలి అని ఆయన ప్రశ్న. రెండోది, ఈ వెంచర్ వాళ్ళు బొమ్మలో గీసింది రేపు కడతారో లేదో నేనెలా తెలుసుకోవాలి?


డ్రాయింగ్ టేబుల్:

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి, ఆయన చెప్పింది ఏ కన్సల్టెంటూ చెప్పడు. ఊరేగింపు దారిని ఊరేగింపు దారిలాగే ఉంచాలి. ఆ రోడ్డు మీద డివైడర్ కట్టకుండా, ఫుట్ పాత్ ని రోడ్డు మట్టానికి కొంచెం మాత్రమే ఎత్తుగా, రెండు అంచుల్లో చదునుగా వెడల్పుగా చేసి, కూర్చునే బల్లలు గోడల వైపు పెట్టి, చెట్లు పక్క సందుల మలుపుల్లో వెయ్యొచ్చు. మీ అమ్మగారికి కావాల్సింది కూడా అదే, ప్రతి వంద అడుగులకి ఒక బల్ల, మధ్యలో ఎక్కి దిగే పని లేని దారి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూల్లో ఫుట్ పాత్ మీద అడ్డం లేని జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఉంది, ట్రాన్స్‌ఫార్మరు, స్తంభం, బోర్డు పోను మిగిలింది అంత ఉండాలి.

వెంచర్ సంగతి. బ్రోచర్ పక్కన పెట్టి అప్రూవ్డ్ లేఅవుట్ ప్లాన్ కాపీ అడగండి, ఆ 100 అడుగుల రోడ్డుకి అడ్డకోత డ్రాయింగ్, అంటే అంచు నుంచి అంచు దాకా దేనికెన్ని అడుగులో చూపించే బొమ్మ ఉందా అడగండి. లేదంటే అది మామూలు డివైడర్ రోడ్డనే అనుకోండి. రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా లోకల్ బాడీకి, అంటే మున్సిపాలిటీకో పంచాయతీకో, ఉచితంగా రాసి అప్పగించాలి, అది అయిందో లేదో చూడండి, కాకపోతే రేపు చెట్లకి నీళ్ళెవరు పొయ్యాలో, లైట్ల బిల్లు ఎవరు కట్టాలో తేలదు. ఆ 100 అడుగుల రోడ్డు అవతల ఎక్కడికి కలుస్తుందో కూడా వెళ్ళి చూసి రండి, చివర్లో 30 అడుగుల దారిలోకి దిగిపోయి ఆగిపోతే అది ఊరికి ఉపయోగపడదు. ప్లాన్ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, కొలతలు నేను చూసి చెప్తాను.


పెద్దమార్కెట్ అబ్బాయి (సిక్కోలు):

కస్పా బ్రదర్, ఆ పక్క లేన్లో బండ్లకి జాగా ఉందో లేదో కూడా అడుగు. ఎవరూ అడగరు కాబట్టే గీయరు.


కానుగ నీడ:

చెట్ల జాతుల పేర్లు కూడా ప్లాన్ మీద రాయించండి. ఊరికే "ఎవెన్యూ ప్లాంటేషన్" అని రాస్తే తొందరగా పెరిగేది ఏది దొరికితే అది వేసేసి వెళ్ళిపోతారు. మొక్క కనీసం మనిషెత్తు ఉండాలి, మూడు వేసవులు నీళ్ళు పోసే బాధ్యత ఎవరిదో రాతలో ఉండాలి.